‘లేకపోలేదు’ అంటే ఉన్నట్టా, లేనట్టా?

తెలుగు మాటతీరులో ఒక సొగసైన అలవాటుంది. ఉన్నదాన్ని ఉన్నదని చెప్పక ‘లేకపోలేదు’ అంటాం. మంచివాడనడానికి ‘చెడ్డవాడేమీ కాదు’ అంటాం. రెండు నిరాకరణలతో ఒక అంగీకారాన్ని తెలిపే ఈ పద్ధతిలో వినయముంది, ఎదుటివారిని నొప్పించని మర్యాద ఉంది. ఉర్దూ తహజీబ్ నేర్పిన సంస్కారం మన ఇళ్లలో దీనికి తోడైంది. పొయ్యి వెలగని రోజున కూడా, ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే ‘అల్హమ్దులిల్లాహ్, పరవాలేదు’ అనే పెద్దలను చూస్తూ పెరిగినవాళ్లం. ఆ మాటలో ఉన్నది సబర్, అల్లాహ్ పట్ల కృతజ్ఞత. దాన్ని తప్పుపట్టవలసిన పనిలేదు.

అయితే తగ్గించి చెప్పేది ఎవరు, ఎవరి గురించి, ఎక్కడ అన్నదాన్నిబట్టి ఆ మాట స్వభావమే మారిపోతుంది. తన బాధను తాను తగ్గించి చెప్పుకుంటే అది సహనం. ఇతరుల బాధను తగ్గించి చెబితే అది దాచిపెట్టడం.

అద్దె ఇంటికోసం తిరిగే ముస్లిం కుటుంబాలకు ఒక వాక్యం బాగా పరిచయం. ‘మాకైతే అభ్యంతరమేమీ లేదండీ, మిగతా ఫ్లాట్లవాళ్లే...’ ఆ వాక్యం పూర్తికాదు, పూర్తికావలసిన అవసరమూ ఉండదు. ఎవరూ ‘ఇవ్వం’ అనలేదు, ఇల్లు మాత్రం దొరకలేదు. ఫిర్యాదు చేద్దామంటే పట్టుకోవడానికి ఒక్క మాటైనా మిగలదు. అల్లర్ల తరువాత వెలువడే ప్రకటనలూ ఇలాంటివే: ‘చెదురుమదురు సంఘటనలు’, ‘స్వల్ప ఉద్రిక్తత’. దుకాణం కాలిపోయినవాడికి జరిగిన నష్టం స్వల్పం కాదు, అది అతని బతుకుతెరువు మొత్తం.

ఈ తగ్గింపు మాటల్లో మన ప్రాంత చరిత్రకెక్కినది ‘పోలీసు చర్య’. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం టాంకులతో హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ సైనిక చర్యకు పెట్టిన పేరు పోలీసు చర్య. అంతకుముందు రజాకార్లు సాగించిన అకృత్యాలు నిజం; వాటిని తగ్గించి చెప్పడమూ అన్యాయమే. ఆ తరువాత సంస్థానంలోని జిల్లాలలో సామాన్య ముస్లిములపై సాగిన హత్యలు, దోపిడీలు కూడా అంతే నిజం. వాటిని పరిశీలించడానికి కేంద్ర ప్రభుత్వమే పండిత సుందర్‌లాల్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపింది. అతి తక్కువగా లెక్కవేసినా 27 వేల నుంచి 40 వేల మంది వరకు మరణించారని ఆ బృందం తేల్చింది. నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు, పేరు మాత్రం నిలిచిపోయింది. ‘పోలీసు చర్య’ అన్న మాట విన్న విద్యార్థికి లాఠీ స్ఫురిస్తుంది కాని, సమాధులు స్ఫురించవు.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. సుందర్‌లాల్ బృందమూ తక్కువగానే లెక్కవేసింది. కాని అది సాక్షి పాటించిన సంయమనం; అందువల్లనే ఆ అంకెకు బలం వచ్చింది. పేరులో చేసిన తగ్గింపు జరిగినదాన్నే కనుమరుగు చేసింది.

సచార్ కమిటీ 2006లో చేసిన మేలునూ ఈ కోణంలో చూడాలి. ప్రభుత్వోద్యోగాలలో ముస్లిముల ప్రాతినిధ్యం ‘ఆశించినంతగా లేదు’ అని అంతకుముందూ అనేవారు. 2001 లెక్కల ప్రకారం జనాభాలో 13.4 శాతం ఉన్న సమాజానికి ఐఏఎస్‌లో ఉన్నది 3 శాతమేనని కమిటీ చూపింది. అంకె ముందు ‘ఆశించినంతగా’ అన్న మెత్తని మాట నిలవలేదు.

మన వినతిపత్రాలలోనూ ఈ మెత్తదనం తక్కువేమీ కాదు. ‘కొన్ని ఇబ్బందులు లేకపోలేదు, దయచేసి పరిశీలించగలరు’ అని రాసి ఇస్తాం. అధికారి ఆ కాగితాన్ని పక్కన పెడితే ఆయనను తప్పుపట్టే ఆధారం మనమే ఇవ్వలేదు. స్కాలర్‌షిప్ ఎన్ని నెలలుగా రాలేదు, ఎంతమంది విద్యార్థులకు రాలేదు, ఖబరస్తాన్ స్థలం ఏ సర్వే నంబరులో ఎన్ని గజాలు ఆక్రమణలో ఉంది, ఏ తేదీన ఎవరికి ఫిర్యాదు చేశాం అన్నవి రాయాలి. పోలీస్ స్టేషన్‌లో చెప్పేటప్పుడు కొట్టినదాన్ని ‘కొట్టారు’ అనే చెప్పాలి, ‘కొంచెం గొడవైంది’ అని కాదు. అలాగని పదిని వంద చేయనూ రాదు. ఒక్క అతిశయోక్తి బయటపడితే తొమ్మిది నిజాలు అనుమానాల పాలవుతాయి.

విశ్వాసులు సూటిగా మాట్లాడాలని సూరా అహ్జాబ్ ఆదేశిస్తుంది. తమకే వ్యతిరేకమైనా సరే, న్యాయం పక్షాన సాక్ష్యం చెప్పాలని సూరా నిసా ఆదేశిస్తుంది. సాక్ష్యమంటే జరిగినదాన్ని పెంచకుండా, తగ్గించకుండా చెప్పడం. పలకరించిన పొరుగువారికి ‘పరవాలేదు’ అనే చెబుదాం. హక్కు అడిగే చోట మాత్రం ఉన్నదాన్ని ఉన్నదనే రాద్దాం.