బొద్దుతనము భాగ్యమా?

మద్దికెరలో విజయదశమినాఁడు గుఱ్ఱముల పరుగు చూడ ఊరెల్లఁ గూడును. పందెపు గుఱ్ఱమును సాలలోఁ గట్టివేసి బెల్లము మేపువాఁ డెవఁడైన నున్నాఁడా? మన పట్టణగృహస్థులు బిడ్డలకుఁ జేయుచున్నది మాత్ర మిదియే. ఆటగంటను ట్యూషనున కర్పించి, ఇల్లు చేరఁగానే చిప్సుపొట్లమును సెల్‌ఫోనును చేతఁ బెట్టి, బిడ్డ బొద్దుగా నున్నాఁడని మురియుచున్నారు.

ఆదోని ప్రాంతమున వలసకూలీల బిడ్డల యెముకలు తేలియుండఁగా ఈ చింత యేల యని కొందఱందురు. మేమంగీకరింపము. అయిదురూపాయల పొట్లము పేదబిడ్డకును అందుచున్నది. అది కడుపు నింపును, బలమీయదు. లోకమున 5 మొదలు 19 ఏండ్లవారిలో అధికబరువు గలవారు 1990లో నూటికి 8 మంది. 2022లో 20 మందియని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క.

కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తినుబండారములను బడిగేటుకు 50 మీటర్లలోపల నమ్మరాదని 2020లోనే ఆహారభద్రతాసంస్థ నిబంధన చేసినది. ఆ దూరమును కొలిచిన తల్లిదండ్రు లెందఱు? జొన్నరొట్టెయుఁ బుంటికూరయు మోటట, మైదాబిస్కత్తు నాగరికతయట! తల్లినే నిందింపము, పొట్లము కొనితెచ్చు నయ్యగారు తండ్రియే కదా.

మేమడుగునది గొప్ప సంస్కరణము కాదు. రేపు తాడొకటి తీసికొని బడిగేటునుండి కొలువుఁడు. లోపల నంగడి యున్నచో ప్రధానోపాధ్యాయునకు వ్రాసి యీయుఁడు. సాయంకాలము బిడ్డను మైదానమునకుఁ బంపుఁడు. ఆ గంటకు ట్యూషను పెట్టిన మాష్టరును వేఱువేళకు రమ్మనుఁడు.