గేమ్ అడిగితే ఏది కొనివ్వాలి?



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల తర్వాత మీలో చాలామంది అడిగే మాట ఇదే: "మేడమ్, వీడు ఫోన్ వదలడం లేదు. ఇప్పుడు పీఎస్ ఫైవ్ కావాలంటున్నాడు. కొనివ్వమంటారా?" వద్దనేస్తే టీచర్‌గా నాకు సులువే. కానీ నా అభిప్రాయం అది కాదు.

గేమ్ కంపెనీల లెక్కలో ఆడేవాళ్ళు రెండు రకాలు. కాసేపు సరదాగా ఆడి లేచిపోయేవాళ్ళు క్యాజువల్ ప్లేయర్లు. గంటల తరబడి కూర్చునేవాళ్ళు కోర్ ప్లేయర్లు. సోనీ, మైక్రోసాఫ్ట్ ఈ రెండో రకం కోసం పోటీపడుతుంటే, 2006లో నింటెండో 'వీ' అనే కన్సోల్ తెచ్చింది. చేతిలో రిమోట్ ఊపితే టీవీలో టెన్నిస్ ఆడొచ్చు. ఎప్పుడూ గేమ్ ముట్టని పెద్దవాళ్ళూ ఆడారు. 10 కోట్లకు పైగా అమ్ముడై, పీఎస్ త్రీనీ ఎక్స్‌బాక్స్ 360నీ దాటేసింది. అయితే సరదాకు వచ్చినవాళ్ళు నిలబడలేదు. దాని తర్వాతి 'వీ యూ' సుమారు 1.35 కోట్ల దగ్గరే ఆగిపోయింది.

మన దగ్గరా ఈ ప్రయత్నం జరిగింది, అదీ తెలుగు గడ్డ మీదే. 2009లో సోనీ పీఎస్ టూ కోసం హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. అక్కడిదే గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' చేసింది. అందులో గిల్లీ దండా, కబడ్డీ, గాలిపటాలు ఉన్నాయి. (గిల్లీ దండాకు టీవీ ఎందుకని మన తాతలు నవ్వి ఉంటారు.) కానీ మన ఇళ్ళలో క్యాజువల్ ప్లేయర్‌ను గెలుచుకున్నది ఏ కన్సోలూ కాదు, చవక ఫోను, చవక డేటా.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కన్సోల్ కంపెనీ డబ్బు ఎక్కువభాగం ముందే తీసుకుంటుంది. పీఎస్ ఫైవ్ 2021లో మన దేశంలోకి వచ్చినప్పుడు ధర 49,990 రూపాయలు. కొత్త గేమ్ అంటే మరో నాలుగైదు వేలు. ఫోన్ గేమ్ ఉచితంగా లోపలికి పిలుస్తుంది. రోజూ వస్తే బహుమతి, మానేస్తే నష్టం, ఆ తర్వాత డైమండ్లు, స్కిన్‌లు. సరదాకు వచ్చిన పిల్లవాణ్ణి కోర్ ప్లేయర్‌గా మార్చడమే దాని వ్యాపారం. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినా పిల్లలు ఆడడం మానలేదు, గేమ్ మార్చారంతే.

అందుకే చెబుతున్నాను. స్తోమత ఉంటే, గదిలో తలుపేసుకుని ఆడే ఫోన్ కంటే హాల్లో అందరి ముందు ఆడే కన్సోల్ నయం. తిరుపతి మే నెల ఎండలో మధ్యాహ్నం పిల్లల్ని బయటికి తరమలేం కదా! పక్కింట్లో ఉందని ఈఎంఐ మీద మాత్రం కొనకండి. కన్సోల్ గేముల్లోనూ లోపల కొనుగోళ్ళు ఉంటాయి.

మీ పిల్లవాడు ఏ రకమో తెలుసుకోవాలంటే ఆట మధ్యలో భోజనానికి పిలిచి చూడండి. రానంటే వెంటనే ఫోన్ లాక్కోకండి. ఆన్‌లైన్ మ్యాచ్‌ను మధ్యలో ఆపడం కుదరదు, వదిలేస్తే జట్టు ఓడిపోతుంది. వాడికి అది పరువు సమస్య. "అరగంట" అనే బదులు "ఒక్క మ్యాచ్" అని ముందే ఒప్పందం చేసుకోండి.

కన్సోల్ కొంటే మొదటిరోజే పేరెంటల్ కంట్రోల్స్‌లో సమయం, నెల ఖర్చు పరిమితి మీరే పెట్టండి. ఖర్చు దగ్గర సున్నా వేయండి. ఫోన్ అయితే, మీ యూపీఐ పిన్ పిల్లలకు తెలిసి ఉంటే ఈ రాత్రికే మార్చేయండి.