వాగులో దొరికిన మందు ఎవరిది?

నీళ్లు కరాబైనయంటే ఏ ఆఫీసరూ కాదనడు. ఎవరు కరాబు చేసిండ్రని అడిగితేనే నోరు పడిపోతది. పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ పల్లెలు దశాబ్దాలుగా మొత్తుకున్నది ఇదే. 1990లో సుప్రీంకోర్టుదాకా పోయిండ్రు. రైతు మాట, కూలి మాట సాక్ష్యం కాదన్నట్టే నడిచింది కథ.

సాక్ష్యం నీళ్లలోనే ఉన్నది. వాగులో పుట్టని రసాయనం వాగులో దొరికితే, అది ఎవరో వదిలిందే గదా. దీన్ని శాస్త్రజ్ఞులు ట్రేసర్ అంటరు, మనం జాడ అందాం. చాయ్, కాఫీలల్ల ఉండే కెఫీన్ దొరికితే ఇండ్ల మురుగు కలిసినట్టు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందు విపరీతంగా దొరికితే మందుల ఫ్యాక్టరీని అనుమానించాలె.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు అచ్చేసిన లెక్క చూడండి. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికి పారే నీళ్లలో (శుద్ధి చేసినంక సుమా!) ఆ మందు లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా ఉన్నది. కొన్ని సూక్ష్మజీవులకు విషమయ్యే మోతాదుకు ఇది వెయ్యి రెట్ల పైన. "జనం మింగిన గోలీలే మూత్రంలో పోతున్నయి" అని ఎవరన్నా అంటే నమ్మకండి. మామూలు పట్నం మురుగులో ఆ మందును మిల్లీగ్రాములో వెయ్యో వంతుల్లో కొలుస్తరు.

2009లో ఇంకో సంగతి బయటపడ్డది. దగ్గరి రెండు చెరువుల్లో గూడా లీటరుకు 6.5 మిల్లీగ్రాములదాకా అదే మందు. సరిగ్గ శుద్ధి చేయని ఫ్యాక్టరీ నీళ్లు ప్లాంటు నుంచే కాదు, వేరే దారుల్లో గూడా వస్తున్నయని ఆ పరిశోధకులే తేల్చిండ్రు. దొడ్డిదారిని పట్టిచ్చింది జాడే. పల్లెల బావుల్లో గూడా మందులు తేలినయి.

ఊరికి దిగువన ఉండేది చాలాచోట్ల మన వాడలే. ఊరబావి దొరకనోళ్లకు వాగులో చెలిమే దిక్కయింది. మందునీళ్లలో బతికి మొండిబారిన సూక్ష్మజీవి రేపు మన బిడ్డ ఒంట్లో చేరితే దవాఖానల గోలీ పని చెయ్యదు. ఖరీదు మందు కొనేటందుకు మన దగ్గర పైసలేవి?

బీఓడీ, సీఓడీ, టీడీఎస్ పరీక్షలు నీళ్లు ఎంత చెడ్డయో చెప్తయి, ఎవరు చెడగొట్టిండ్రో చెప్పవు. 2020 జనవరిలో కేంద్రం ముసాయిదాలో యాంటీబయాటిక్‌లకు హద్దులు పెట్టింది. 2021లో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయం. గీతే లేకుంటే దాటినోన్ని పట్టేదెట్ల?

అందుకే సంఘాలు అడగవలసింది, నమూనాలో మందుల జాడలు గూడా వెతకమని. నమూనా తీసేటప్పుడు మనోళ్లు పక్కన ఉండాలె. కాల్వ కలిసేచోటికి ఎగువన ఒకటి, కలిసేచోట ఒకటి, దిగువన ఒకటి తీయాలె. ఎగువన లేనిది దిగువన ఉంటే నడుమ కలిసిందన్నట్టే. ముదురు రంగు గాజుసీసా వాడాలె, ఈ మందు వెలుతురుకు విరిగిపోతది. మంచుపెట్టెలో పెట్టాలె. తేదీ, గంట, చోటు రాసి, సీలేసి, ఊరోళ్లతో సంతకాలు పెట్టించాలె. ఇంకో సీసా నింపి అట్లనే సీలేసి సంఘం దగ్గర చల్లగ దాచుకోవాలె.