పేరు చెప్పగానే మారే మాట

మొహర్రం మాసంలో నెల్లూరు బారాషహీద్ దర్గా చెంత, స్వర్ణాల చెరువు నీటిలో నిలబడి లక్షలాది జనం మతం అడగకుండా రొట్టెలు మార్చుకుంటారు. సొంత ఇల్లు కావాలని కోరుకునేవారు ఇంటి రొట్టె పట్టుకుంటారు. ఆ ఐక్యత మనందరికీ గర్వకారణం. అయితే పండుగ ముగిశాక అద్దె ఇంటి కోసం తిరిగే ముస్లింకు తరచూ వినిపించే జవాబు వేరు. పేరు చెప్పేవరకు ఖాళీగా ఉన్న ఇల్లు, పేరు చెప్పగానే నిన్ననే ఎవరికో ఇచ్చేసినదవుతుంది. ఇళ్ల విషయంలో ముస్లింలు ఎదుర్కొంటున్న ఈ ఇబ్బందిని సచార్ కమిటీ నివేదిక 2006లోనే నమోదు చేసింది.

ఆ యజమాని ద్వేషి కానక్కరలేదు. బహుశా ఆయన కూడా చెరువులో రొట్టె పట్టినవాడే. తనలో వివక్ష ఉందని ఆయనకే తెలియదు. ఇటువంటి అంతర్గత పక్షపాతానికి 1995లో శాస్త్ర పరిభాష కల్పించిన ఇద్దరిలో ఒకరు సికింద్రాబాదులో పుట్టిన మహ్జరీన్ బనాజీ. ఆంథొనీ గ్రీన్‌వాల్డ్‌తో కలిసి ఆమె 1998లో ప్రకటించిన పరీక్ష, సమానత్వాన్ని మనసారా నమ్మేవారిలోనూ ఇటువంటి మొగ్గు ఉండవచ్చని చూపింది.

తెలియక చేసినంత మాత్రాన నష్టం తగ్గదు. సుఖదేవ్ థోరట్, పాల్ ఆట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సమాన అర్హతలతో ఉద్యోగ దరఖాస్తులు పంపారు. అగ్రకుల హిందువు పేరుతో పోల్చితే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడో వంతే. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో తొలి కరోనా కేసు నెల్లూరులోనే, ఇటలీ నుండి వచ్చిన విద్యార్థిలో బయటపడింది. అప్పుడు వ్యాధికి మతం లేదు. కొన్ని వారాలకే తబ్లీగీ జమాత్ పేరుతో మతం అంటగట్టారు. ఆ విదేశీ సభ్యులను బలిపశువులను చేశారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆగస్టులో వ్యాఖ్యానించేనాటికి జరగవలసిన హాని జరిగిపోయింది.

న్యాయం అడిగే మనం మన గడపను కూడా చూసుకోవాలి. 'దూదేకుల' అన్న మాటను తక్కువచూపుతో పలికే నాలుకలు, పెళ్లి సంబంధాల్లో వారిని పక్కనపెట్టే మనసులు మనలో లేవా? ఎగతాళి పేర్లతో పిలవవద్దన్న సూరా హుజురాత్ ఆదేశం ముందుగా మనకే వర్తిస్తుంది.

దుకాణాలు, హోటళ్లు, బావుల వద్ద మత, కుల వివక్షను రాజ్యాంగం 15(2) అధికరణ నిషేధించింది. అద్దె ఇళ్ల ప్రస్తావన అందులో లేదు. సచార్ కమిటీ సూచించిన సమాన అవకాశాల కమిషన్ నేటికీ ఏర్పడలేదు. ఇల్లు, ఉద్యోగం విషయాల్లో వివక్షను నిషేధించే చట్టం కోసం, ఆ కమిషన్ కోసం ప్రజాప్రతినిధులను నిలదీయాలి. నిరాకరణ ఎదురైన ప్రతిసారీ తేదీ, చిరునామా, చెప్పిన కారణం రాసి పెట్టుకోవాలి. మౌనంగా తిరిగి వచ్చేస్తే ఆ అన్యాయం ఏ లెక్కలోకీ రాదు.