మష్వరా అంటే డాక్టర్ మీద శక్ కాదు

అమ్మాయి నిఖా అంటే పది ఇళ్లలో ఆరా తీస్తాం. జాగా కొనాలంటే కాగితాలు ఇద్దరు వకీళ్లకి చూపిస్తాం. అబ్బాకి ప్రొస్టేట్ క్యాన్సర్ అని రిపోర్టు వస్తే మాత్రం, మొదటి డాక్టర్ చెప్పిన తారీఖుకే ఆపరేషన్‌కి సిద్ధమైపోతాం. ఇంకొకరిని అడగడం బేఅదబీ అనుకుంటాం. తవక్కుల్ తక్కువైందనే బుజుర్గులూ ఉంటారు. నేను దీన్ని ఒప్పుకోను. ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే షూరా, అంటే మష్వరా. అడిగి తెలుసుకున్నాక పెట్టుకునే భరోసాయే తవక్కుల్.

ఈ బీమారిలో మష్వరా మరీ జరూరీ. ఎందుకంటే క్యాన్సర్ గ్రంథి దాటనప్పుడు ఇలాజ్ ఒకటే ఉండదు. ఆపరేషన్ ఉంది, రేడియేషన్ ఉంది. తక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకి పీఎస్ఏ, ఎమ్మారై, బయాప్సీలతో నిఘా పెట్టి ఆగడమూ ఉంది. బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పరిశోధన 1,643 మందిని ఈ మూడు దారుల్లో పెట్టి 15 ఏళ్లు గమనించింది. 2023లో వచ్చిన నతీజా ప్రకారం, ఏ దారిలోనైనా ఈ క్యాన్సర్‌తో వఫాత్ అయినవాళ్లు నూటికి సుమారు ముగ్గురే. అయితే జబ్బు వేరేచోటికి పాకడం నిఘాలో ఉన్నవాళ్లలో నూటికి 9 మందిలో, మిగతా దారుల్లో సుమారు 5గురిలో కనిపించింది. కాబట్టి నిఘా అందరికీ సరిపోదు, కోత అందరికీ అవసరం కాదు.

తేడా మిగతా జిందగీలో తెలుస్తుంది. ఆపరేషన్ తర్వాత కొందరికి మూత్రం కారుతుంది, రేడియేషన్‌తో కొందరికి మలవిసర్జన ఇబ్బందులు వస్తాయి. మియాబీవీ సంబంధం మీద రెండింటి అసర్ ఉంటుంది. నమాజీకి వుజూ ఫికర్ కూడా ఉంటుంది. ఆగకుండా కారితే మాజూర్‌కి రుఖ్సత్ ఉంది. హనఫీ మస్లక్‌లో ప్రతి నమాజ్ వఖ్త్‌కి కొత్త వుజూ చేస్తే చాలు. వివరం మీ ఆలిమ్‌ని అడగండి. ఈ మాటలు డాక్టర్‌తో ముందే మాట్లాడడానికి హయా అడ్డు రాకూడదు.

సర్జన్‌కి కోత బాగా తెలుసు, రేడియేషన్ డాక్టర్‌కి తన పని తెలుసు. ఇందులో ఎవరి నీయత్‌నీ తప్పు పట్టక్కర్లేదు. ఫైసలాకి ముందు ఇద్దరినీ కలవండి. రిపోర్టు ఒక్కటే కాదు, బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకి చూపించండి. గ్లీసన్ స్కోరు మైక్రోస్కోపులో కంటితో చూసి వేసేది. 6 కాస్తా 7 అయితే ఇలాజే మారిపోవచ్చు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్ ఉన్నాయి. ముంబైలో టాటా మెమోరియల్ ఉంది.

మష్వరాకీ హద్దు ఉంది. అది కొన్ని వారాల్లో ముగియాలి, పదిమంది హకీముల చుట్టూ తిరగడం కాకూడదు. మూత్రం బందయినా, నడుం నొప్పితో కాళ్లు బలహీనపడినా అదే రోజు దవాఖానాకి వెళ్లాలి.

చివరిగా ఒక గుజారిష్. "అబ్బాకి చెప్పొద్దు, మనమే చూసుకుందాం" అని కొడుకులు, అల్లుళ్లు కూర్చుని ఫైసలా చేసే రివాజు మానేద్దాం. ఆ బదన్ ఆయనది, ఆ తర్వాత గడపాల్సిన జిందగీ ఆయనది. అందరి రాయ్ విన్నాక, ఇస్తిఖారా చేసుకుని, ఆఖరి మాట ఆయన్నే చెప్పనివ్వండి.