గోడమీది నియమం – చేతిలోని ఆచరణ

ఆసుపత్రి గోడమీద నియమాలు వ్రాయించడం సులభం. అర్ధరాత్రివేళ ఒంటరిగా విధిలో ఉన్న నర్సు చేతిలో అవి ఆచరణగా మారడం కష్టం. ఈ రెంటి నడుమనున్న దూరం మీదనే రోగి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, బాలింతలను తాకే ముందు చేతులను క్లోరిన్ ద్రావణంతో కడుగుకోవాలని నియమం పెట్టాడు. ఆయన విభాగంలో 1846లో నూటికి పదకొండుగురు బాలింతలు మరణించగా, 1848లో ఆ సంఖ్య ఇంచుమించు ఒకటికి తగ్గింది. అయినా తోటి వైద్యులు పలువురు ఆ సత్యాన్ని అంగీకరించలేదు. ఆయన వారిని నిందించాడేగాని కలుపుకొనిపోలేకపోయాడు. నియమం సరియైనదైనంత మాత్రాన ఆచరణ దానంతట అది రాదు.

మన ప్రభుత్వ ఆసుపత్రులకు 2013లో జాతీయ నాణ్యతా ప్రమాణాలు రూపొందాయి. వాటిని నిలబెట్టవలసినవారు హెడ్‌నర్సు, ఆమెతో పనిచేసే సిబ్బంది. లోపం కనబడినప్పుడు "ఎవరు చేశారు?" అని గద్దిస్తే సిబ్బంది తప్పును దాచిపెడతారు. "ఎందుకు జరిగింది?" అని అడిగితే కారణం బయటపడుతుంది. కుళాయిలో నీరు లేకపోవచ్చు. ఒక్కరే పదిమంది పని చేస్తుండవచ్చు. అప్పుడు మందలింపు వ్యర్థం. ఆ కొరతను పై అధికారులకు నివేదించి తీర్పించడమే నాయకత్వం. సిబ్బంది తక్కువైనచోట ప్రమాణాలెందుకని కొందరంటారు. కాని చేతులు తక్కువైనచోటనే ఏ పని విడువరాదో అందరూ కూర్చుండి ముందుగా నిర్ణయించుకోవాలి.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయిలో 1940లలో హైమన్‌డార్ఫ్ కృషితో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే కేంద్రం వెలసింది. గోండు పిల్లలకు తమ భాషలో తమవారే చదువు చెప్పాలన్నది దాని ఆశయం. వైద్యసేవకూ ఇదే వర్తిస్తుంది. వానాకాలంలో జ్వరాలు ముసురుకొన్నప్పుడు గూడెం నుండి వచ్చిన తల్లికి మందు వేళలను గోండిలో వివరించగల ఆశా కార్యకర్త మాట, హెడ్‌నర్సు ఆజ్ఞ కంటె దూరం పోతుంది. ఆమె సలహాను వినగల వినయం హెడ్‌నర్సుకు, నిర్భయంగా చెప్పగల చనువు ఆమెకు ఉండాలి.

పైనుండి దిగిన నియమం తనిఖీ ఉన్నంతవరకే నిలుస్తుంది. తాము కూడి నిర్ణయించుకొన్న నియమం ఎవరూ చూడని వేళ కూడ నిలుస్తుంది. రోగికి కావలసినది ఆ రెండవదే.