తన పేపర్ తానే దిద్దుకునే బోర్డుకు గ్రామసభ సంతకం కావాలి



మన గూడేల్లో బోరు వేయించే ఫౌండేషన్లు ఉన్నాయి. కుట్టుమిషన్లు పంచేవి, బడి పిల్లలకు సంచులు ఇచ్చేవి, యువతకు శిక్షణ పేరుతో గ్రాంటు ఇచ్చేవి ఉన్నాయి. చాలావరకు చిన్న సంస్థలే. నలుగురైదుగురు ట్రస్టీలు ఎక్కడో నగరంలో కూర్చుని, ఎవరికి ఎంత ఇవ్వాలో తేలుస్తారు. వాళ్లలో చాలామంది మంచివాళ్లే. ఆ మాట ముందే చెప్పేస్తున్నా.

ఇలాంటి బోర్డులకు నిపుణులు ఒక పద్ధతి నేర్పుతుంటారు. దాని పేరు స్వీయ మూల్యాంకనం. ఏడాదికోసారి ఒక ఫారం నింపుతారు. మీటింగులకు అందరూ వచ్చారా? కాగితాలు ముందే చదివారా? లెక్కలు ఆడిట్ అయ్యాయా? సంస్థ లక్ష్యం అందరికీ తెలుసా? ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. మొత్తం కూడితే నాలుగు పైనే వస్తుంది. టీ తాగి లేస్తారు.

కాకిపిల్ల కాకికి ముద్దు. తన పేపర్ తానే రాసుకుని, తానే దిద్దుకున్నవాడు ఫెయిల్ అయినట్టు మీరెప్పుడైనా విన్నారా?

ఆ ప్రశ్నలు తప్పని నేను అనట్లేదు. లెక్కలు సరిగా ఉండాల్సిందే. కానీ ఆ ఫారంలో మనం ఎక్కడున్నాం? ఎవరి పేరు చెప్పి డబ్బు సేకరించారో, ఎవరి ఊళ్లో ఖర్చు పెట్టారో, ఆ మనుషుల్ని అడిగే గడి ఒక్కటైనా ఉందా?

"మేము చిన్నవాళ్లం, పెద్ద పెద్ద మూల్యాంకనాలు చేయించే స్తోమత మాకెక్కడిది?" అంటారు. నిజమే. చట్టం కూడా వాళ్లను అడగట్లేదు. 2021 నుంచి సీఎస్ఆర్ నిబంధనల్లో ప్రభావ అంచనా తప్పనిసరి చేశారు. కానీ అది ఏడాదికి సగటున 10 కోట్లు, ఆపైన సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలకు, అందులోనూ కోటి రూపాయలు, ఆపైన ఖర్చున్న ప్రాజెక్టులకే. మన గూడెంలో 5 లక్షల పనికి బయటివాడెవడూ వచ్చి చూడాల్సిన అవసరం లేదు. అంటే ఆ పనికి మిగిలిన ఒకే ఒక్క పరీక్ష బోర్డు తనకు తాను పెట్టుకునేదే. అందుకే ఆ ఫారం మన సమస్య అయింది.

మరి దారి లేదా? ఉంది. మన చట్టంలోనే ఉంది.

1996 పెసా చట్టం సెక్షన్ 4 తీసి చూడండి. ఊళ్లో అభివృద్ధి పథకాలను ఆమోదించేది గ్రామసభ. లబ్ధిదారుల్ని గుర్తించేది గ్రామసభ. ఆ పనులకు పంచాయతీ ఖర్చు పెట్టిన డబ్బుకు వినియోగ ధ్రువీకరణ ఇవ్వాల్సింది కూడా గ్రామసభే. మనం ఓట్లేసి గెలిపించుకున్న సర్పంచే మన సంతకం అడగాలి. మనం ఎన్నడూ ఓటెయ్యని ట్రస్టీ అడగక్కర్లేదా?

ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ మనకు తెలియనిది కాదు. 2005 చట్టంలోని సెక్షన్ 17 ఆ హక్కును గ్రామసభకు ఇచ్చింది. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది ఊరూరా జరిగింది. మస్టర్ బయటకు తీసి, పేరు పేరునా చదివి, ప్రజావేదికలో అందరి ముందు అడిగారు. ఫీల్డ్ అసిస్టెంట్ నిలబడి జవాబు చెప్పాడు. మేట్ చెప్పాడు. చిన్న జీతగాడికి ఆ పరీక్ష పెట్టగలిగినప్పుడు, చెక్కు మీద సంతకం పెట్టే పెద్దమనిషికి ఎందుకు పెట్టకూడదు? దానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. చెట్టు కింద చోటు చాలు.

"ఇచ్చేవాళ్లనే నిలదీస్తే రేపు ఇవ్వరు" అని మనలోనే కొందరు అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇది దానమా? 1997 సమత తీర్పు గుర్తు చేసుకోండి. ఏజెన్సీ భూముల్ని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులోనే, నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పెట్టి నీళ్లు, బడి, ఆసుపత్రి, రోడ్లు చూడాలని కూడా ఉంది. తర్వాత 2013 కంపెనీల చట్టం వచ్చి 2 శాతం అంది. 20 ఎక్కడ, 2 ఎక్కడ! ఆ రెండు శాతంలోంచి వచ్చే గ్రాంటుకు కూడా మనం చేతులు కట్టుకుని నిలబడాలా?

అడిగితే ఏమవుతుందో ఒక ఉదాహరణ. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ఐదు దేశాలు, 17 ఫౌండేషన్లు కలిసి ఆదివాసీల, స్థానిక సమాజాల అటవీ హక్కుల కోసం 170 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. ఏడాది తర్వాత ఆ దాతలే లెక్క బయటపెట్టారు: ఆ మొదటి ఏడాది ఇచ్చిన దాంట్లో నేరుగా ఆదివాసీ, స్థానిక సంస్థలకు చేరింది 7 శాతం. సిగ్గుపడాల్సిన అంకెే. కానీ దాచలేదు. ఆ ఒక్క అంకె పట్టుకునే ప్రపంచంలోని ఆదివాసీ నాయకులు "మిగతా 93 ఎవరి చేతుల మీదుగా పోయింది?" అని అడగగలిగారు. నిజమైన స్వీయ మూల్యాంకనం అంటే అది. అవతలివాడికి ప్రశ్న అందించాలి.

కాబట్టి మన దగ్గరికి వచ్చే ప్రతి ఫౌండేషన్‌ను ఈ ఐదు ప్రశ్నలు తమ ఫారంలో చేర్చమని అడుగుదాం.

1. మీ బోర్డులో ఓటు హక్కున్న ఆదివాసీలు ఎంతమంది? సభలో డోలు కొట్టించి ఫోటో దిగితే లెక్కలోకి రాదు.
2. మీకు దరఖాస్తు ఏ భాషలో పెట్టుకోవచ్చు? ఇంగ్లీషు రాని ఊరికి మీ తలుపు తెరిచి ఉందా? కోయలోనో గోండిలోనో కువిలోనో నోటితో చెబితే రాసుకునే మనిషి ఉన్నాడా?
3. మీరిచ్చిన రూపాయిలో ఊళ్లోకి దిగింది ఎంత? నగరంలో జీతాలకు, హోటళ్లకు, రిపోర్టులకు ఆగింది ఎంత?
4. ఊరు వద్దన్న పనిని గత ఏడాది ఒక్కటైనా ఆపారా? ఊరు అడిగిన మార్పు ఒక్కటైనా చేశారా?
5. ఈ డబ్బు ఎక్కడిది? మా కొండ తవ్విన కంపెనీదైతే ఆ మాట మా ముందు చెప్పారా?

ఐదింటికీ జవాబు రాశాక, ఆ కాగితం గ్రామసభలో చదవాలి. మార్కులు ఊరు వెయ్యాలి.

ఇంకొక మాట, ఇది మనకు. మన పేరుతో గ్రాంటు తీసుకునే సంఘాలు, మన యువజన సంఘాలతో సహా, ఇదే పరీక్షకు నిలబడాలి. బోర్డును లెక్క అడిగే నోరు మన అధ్యక్షుణ్ణి కూడా అడగాలి. లేకపోతే మనకూ వాళ్లకూ తేడా ఏముంది?

వచ్చే గ్రామసభకు ముందు ఒక పని చెయ్యండి. మీ ఊళ్లో గత మూడేళ్లలో ఏ ఫౌండేషన్ బోర్డు పాతిందో తిరిగి చూడండి. పేరు, ఏడాది, రాసిన మొత్తం నోట్ చేసుకోండి. ఆ పక్కనే పని ఇప్పుడు ఎలా ఉందో రాయండి. బోరు నీళ్లిస్తోందా, తుప్పు పట్టిందా? మిషన్ కుడుతోందా, మూలన పడిందా? ఆ కాగితం గ్రామసభలో చదివి, తీర్మానం చేసి, ఆ సంస్థ బోర్డుకు పంపండి.

వాళ్ల ఫారంలో మన గడి లేకపోతే మనమే గీద్దాం.

మావ నాటె, మావ రాజ్!